ఒక్కరోజు పాలసీ

హలో… ఆ, నేనేరా, అన్నయ్యనే. చెప్పు… ఏంటి? ఏం వినపడట్లేదు. ఉండు, ఈ కంప్రెసర్ ఆపనీ…

ఆ, ఇప్పుడు చెప్పు.

రేస్ ట్రాక్ దగ్గరే ఉన్నావా ఇంకా?… పొద్దుటి రౌండ్లు రెండూ అయిపోయాయా. బాగుంది. కారెలా ఉంది?… బ్రేకు మెత్తబడలేదుగా?… గట్టిగానే ఉందంటే ఇంకేం. మొన్ననేగా నూనె మార్చాను, దగ్గరుండి చూశావు కూడా.

లేదులే, తొందరేం లేదు. లిఫ్టు మీదికెత్తిన ఒక ముసలి వ్యాన్ కింద నిలబడి ఉన్నాను. సైలెన్సర్ ముట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. వ్యానాయన ఎదురుగా కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు, లోపల వాళ్ళ నాన్నకి ఆపరేషన్ జరుగుతున్నట్టు…

నవ్వవేం? నవ్వే మాటే అన్నానుగా.

సరే, అడుగు. ఏదో అడగడానికే చేశావని తెలుసులే. అన్నయ్య తిన్నాడా లేదా అని కనుక్కునే రకం కాదు నువ్వు…

పాలసీ గురించా?

అదేంటి, అంతా చెప్పానుగా. మామూలు ఇన్సూరెన్స్ పాలసీ ట్రాక్ గేటు దాకానే వస్తుంది. గేటు దాటి లోపలికి వెళ్ళావంటే నువ్వెవరో వాళ్ళెవరో. అందుకేగా ఈ ఒక్కరోజు పాలసీ తీయమన్నాను… ఆ, గేటు తెరిచిన దగ్గర్నుంచి సాయంత్రం మూసేదాకా… అవును. బండి నుజ్జయిపోతే ఎంతివ్వాలో ముందే రాసేసుకుంటారు. బజార్లో అంత పలుకుతుందా లేదా అని ఎవడూ అడగడు. పదో వంతు మన మీద పడుతుంది. గోడకి తగిలితే గోడ బాగుచేయించడం కూడా మన మీదే. టైర్లూ బ్రేకులూ సరేసరి, అవి అరగడానికే పుట్టాయి…

నాకు గుర్తుందిరా. కాగితం ఇక్కడే ఉంది, మేకుకి తగిలించాను. నాకెందుకురా ఇది అంటే, ఏదైనా అయితే టోయింగ్ బండి వాళ్ళు నీకేగా ఫోన్ చేస్తారు అన్నావు. ముచ్చటపడ్డాను. నా తమ్ముడు నష్టం గురించి కూడా ముందే ఆలోచిస్తాడు అనుకున్నాను.

ఎన్నాళ్ళలో ఇస్తారా?… పదిహేను రోజులనుకో. నెలనుకో. ముందు ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి బండి చూడాలి… ఏం చూస్తాడంటే, ట్రాక్ మీద టైరు గీతలు చూస్తాడు. బండిలో పెట్టె ఒకటుంటుంది, దాన్ని విప్పి చూస్తాడు. ఎంత స్పీడులో ఉన్నావు, బ్రేకు తొక్కావా, ఎప్పుడు తొక్కావు, అన్నీ అది చెప్పేస్తుంది. మనిషి అబద్ధమాడినా అది ఆడదు…

తొక్కినా జారిపోతే?… జారిపోతే జారిపోయినట్టే. ఇస్తారు. అందుకేగా పాలసీ.

ఏ మలుపులో ఎక్కువ జారతాయా.

…ఎందుకు?

ఊరికే అంటే? ఇదే ట్రాక్ మీద మూడేళ్ళుగా తిరుగుతున్నావు, ఏ మలుపులో జారుతుందో నీకు తెలియదా? తెలిసి అడుగుతున్నావు. నా నోట వినాలని అడుగుతున్నావు. ఎందుకు?

చిన్నోడా.

…చిన్నోడా, ఉన్నావా?

అయ్యా, ఒక్క ఐదు నిమిషాలు, వస్తాను. మా తమ్ముడు… ఆ, కూర్చోండి, కూర్చోండి…

ఆ, చెప్పు. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. బండి వాయిదాలు ఎన్ని నెలలు ఆగిపోయాయి?… ఐదా? నాతో ఒకటన్నావు… సరే. ఐదు. ఫైనాన్స్ వాళ్ళేమంటున్నారు?… సోమవారం వచ్చి పట్టుకుపోతారా.

ఊఁ.

ఊఁ… నేను చెప్తాను, తప్పయితే దిద్దు. వాళ్ళు పట్టుకెళ్తే వేలంలో సగానికి పోతుంది. మిగతా సగం కట్టమని నీ మీద పడతారు. అదే ఇవాళ గోడకి పోతే కాగితం మీద రాసుకున్న ధర మొత్తం వస్తుంది. బాకీ తీరిపోను ఇంకా మిగులుతుంది. అంతేనా?

…తప్పయితే దిద్దమన్నాను.

దిద్దవు.

అబ్బ, ఎంత బాగా లెక్కేశావురా. చదువంటే ఇదే కాబోలు. ఎనిమిదో తరగతిలో పుస్తకాల సంచీ గూట్లో పెట్టి నేను ఊళ్ళోవాళ్ళ బండ్ల కింద దూరింది నీకీ లెక్క రావాలనే. వచ్చింది. ఒక్క అంకె తప్పు పోలేదు.

ఏడవకు. ఎవరైనా చూస్తారు… అక్కడ ఎక్కడున్నావు? క్యాంటీన్ వెనకాలా. సరే.

షాపు?… ఎప్పుడు మూసేశావు? … మరి రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని నా షెడ్డు ముందు నుంచే వెళ్తావుగా. హారన్ కూడా కొడతావు. నేను చెయ్యి ఊపుతాను. ఎక్కడికెళ్తున్నావురా మరి?… బండిలోనే?… పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఫ్లైఓవర్ కింద, అద్దాలెత్తుకుని?

ఒక్క మాట నాతో అనుంటే…

మరదలికి తెలుసా?… ఏదీ తెలియదా. షాపు సంగతీ తెలియదు, వాయిదాల సంగతీ తెలియదు. ఇవాళ ఏమని చెప్పి బయల్దేరావు?… సరదాగా వెళ్తున్నానన్నావు. సరదా.

నాదే తప్పు. ఒక్కరోజు పాలసీ అని ఒకటుంటుందని నీ చెవిన వేసింది నేనే. ట్రాక్ మీద సొంత బండి తోలేవాడు నష్టానికి ముందే అడ్డుకట్ట వేసుకోవాలిరా అని, పెద్ద తెలిసినవాడిలా, ఇదే షెడ్డులో కూర్చుని చెప్పాను. పోగొట్టుకుంటే ఏడవని బండినే లోపలికి తీసుకెళ్ళాలి, లేదా కాగితం తీసుకుని వెళ్ళాలి అన్నాను. నువ్వు బుద్ధిగా తలూపావు. నీ తలలో ఇది తిరుగుతోందని నాకేం తెలుసు.

లేదు, అరవట్లేదు. అరిస్తే వ్యానాయన వింటాడు. మెల్లగానే చెప్తున్నాను, విను.

పదకొండేళ్ళు ఆ ట్రాక్‌లో టోయింగ్ బండి తోలాను. నీకు తెలుసు. ఎందుకు మానేశానో నీకు చెప్పలేదు. జీతం చాలక అనుకుని ఉంటావు. పళ్ళ డాక్టరు ఒకాయన ఉండేవాడు, మంచివాడు. నెలకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నాకు టీ ఇప్పించి, నా పళ్ళు చూసి తిట్టేవాడు. ఓ రోజు నాలుగో మలుపులో గోడకి ఆనాడు. కొట్టుకోలేదు, ఆనాడంతే. బానెట్ జానెడంత నొక్కుకుంది. తలుపు తీసుకుని తనే దిగాడు. నా బండిలో నా పక్కనే కూర్చుని వచ్చాడు, జోకులేస్తూ. క్యాంటీన్ దగ్గర టీ ఇస్తే కప్పు జారిపోయింది. ఇంకోటి ఇచ్చాను. అదీ జారిపోయింది. చేతులు వణుకుతున్నాయేమోలే, భయపడి ఉంటాడు అనుకున్నాం. ఆరేళ్ళయింది. ఇవాళ్టికీ ఆయన చొక్కా గుండీలు వాళ్ళావిడే పెడుతుంది. మెడలో ఏదో నరమట. చేతులతో బతికేవాడురా.

ఆయన స్పీడెంతో తెలుసా? అరవై. నువ్వు ఎంత అనుకుంటున్నావు?

…నాకు అంకె చెప్పకు. వద్దు.

ఎవరికీ ఏమీ కాదా? ఆఖరి రౌండులో, అందరూ బయటికొచ్చేశాక, నువ్వొక్కడివేనా. చాలా ఆలోచించావు. ఎవరినీ గుద్దవు, ఎవరి బండినీ గీరవు. నువ్వూ, గోడా. గోడకి పిల్లల్లేరు, నీకు కూతురుంది. రెండో తరగతి చదువుతోంది. దాన్ని ఈ లెక్కలో ఎక్కడ రాసుకున్నావు?

దానికోసమేనా.

ఆ మాట అనకు. నా ముందు ఆ మాట అనకు…

లిఫ్టు అమ్మేస్తాను. విను, విను. ఆ కూడలి దగ్గర షెడ్డువాడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. కింద పడుకుని చేయడం నాకేం కొత్తా… చాలదు, తెలుసు. రెండు నెలలకి వస్తుంది. మిగతా మూడు… అవునురా, చాలదు. చాలదని నీకంటే నాకే బాగా తెలుసు. అయినా రెండు నెలలంటే రెండు నెలలు కాదా?

నా మాటకి ఎప్పుడు విలువిచ్చావులే. బండి మంచిదేది, ఏ చక్రం సరిగా లేదు అంటే అన్నయ్య కావాలి. బతుకు గురించి అంటే మాత్రం అన్నయ్య ఎనిమిదో తరగతి…

అనలేదు. నువ్వెప్పుడూ అనలేదు. నేనే అనుకుంటాను.

ఫోన్ పెట్టకు. చిన్నోడా, పెట్టకు. ఒక్క నిమిషం… ఆగు, ఆ కాగితం తీస్తాను. తీస్తున్నాను… చేతులకి గ్రీజు, ఇదొకటి…

ఆ. నువ్వు ఇది పూర్తిగా చదివావా?… ముందు పేజీ. వెనక పేజీ?… ఫోన్లో నీకు ఒక్క పేజీయే వచ్చిందా. నా దగ్గర రెండున్నాయి. ప్రింట్ తీసినవాడు రెండూ ఇచ్చాడు… ఆ, ఉంది. చాలా చిన్న అక్షరాలు, చీమలు పాకినట్టు. ఆగు, వెలుతుర్లోకి వస్తాను…

ఊఁ… ఊఁ…

చిన్నోడా. ఇక్కడొకటి రాశారు.

చదువుతున్నాను, కంగారు పెట్టకు. కూడబలుక్కుని చదవద్దూ. ‘ట్రాక్ వారి… శిక్షకుడు… పక్క సీటులో కూర్చుని ఉండగా… జరిగిన నష్టానికి మాత్రమే… ఈ పాలసీ వర్తించును’… అవును, మాత్రమే. ‘ఒంటరిగా తోలునప్పుడు జరిగిన నష్టమునకు కంపెనీ బాధ్యత వహించదు’.

మళ్ళీనా? మళ్ళీ చదువుతాను. పక్క సీటులో నేర్పే మాస్టారు ఉంటేనే. లేకపోతే లేదు. అర్థమైందా? ఆఖరి రౌండులో నీ పక్కన ఎవరుంటారు? ఎవరూ ఉండరు. బండీ పోతుంది, డబ్బూ రాదు, గోడ ఖర్చు కూడా నీ మీదే పడుతుంది. సోమవారం ఫైనాన్స్ వాళ్ళు హాస్పిటల్‌కే వస్తారు.

…

అవును. అదీ సంగతి.

…ఏమంటున్నావు?… అంటే తప్పదన్నమాట అంటున్నావా. అవునురా, తప్పదు. మానుకోవడం తప్పదు. హమ్మయ్య. చూడు, నాకు చెమటలు పట్టేశాయి, సైలెన్సర్ ఊడి చేతికొచ్చినప్పుడు కూడా పట్టలేదు.

ఏం చేస్తున్నావు ఇప్పుడు?… నడుస్తున్నావా. బండి దగ్గరికి. మంచిది. సామాన్లు సర్దుకో, తాపీగా రా. ఇది బిగించేసి నేనే గేటు దగ్గరికి వచ్చేస్తాను. ఇద్దరం కలిసి ఇంటికెళ్దాం. మరదలికి నేను చెప్తాను, నువ్వు పక్కన కూర్చో చాలు. కోప్పడుతుంది, పడనీ. గిన్నెలు ఎత్తేస్తుంది, ఎత్తేయనీ. సోమవారం వాళ్ళొచ్చినప్పుడు నేనూ ఉంటాను. ఆ ఫైనాన్స్ ఆఫీసు మేనేజర్ స్కూటరు నా దగ్గరికేగా వస్తుంది. మెతకవాడే. ఆర్నెల్లు గడువు ఇస్తాడో లేదో కాళ్ళూ గడ్డం పట్టుకుని చూద్దాం. సిగ్గెందుకు, నాకలవాటే…

ఏంటి?

థాంక్సా? …ఎప్పుడైనా చెప్పావురా నాకు థాంక్స్? ఫీజులు కట్టినప్పుడు చెప్పలేదు, పెళ్ళి చేసినప్పుడు చెప్పలేదు. ఇప్పుడెందుకు?

సరైన టైముకి చదివి చెప్పినందుకా…

ఆ చప్పుడేంటి? ఇంజన్ ఎందుకు తిప్పావు?… బయటికి రావడానికేనా? బయటి గేటు అటువైపు, టాయిలెట్ల పక్కన. అటేగా వస్తున్నావు?… లైన్లో ఎందుకు నిలబడ్డావు? మధ్యాహ్నం రౌండు లైనా అది?

ఎవరివి ఆ మాటలు? పక్కన ఎవరో ఉన్నారు… ఎవర్ని అడిగావు? ఏమని అడిగావు?

మాస్టారినా.

ఆ తెల్లగడ్డం మాస్టారినా? నీకు గేరు మార్చడం నేర్పినాయన?… ఎక్కుతున్నాడా, హెల్మెట్ పెట్టుకుంటున్నాడా… ఆయనకి వినపడకూడదనా ఇంత మెల్లగా మాట్లాడుతున్నావు.

నాయనా, దిగిపో. బండి ఆపేసి దిగిపో.

విను. నేను చదివింది అబద్ధం. ఈ కాగితంలో ఆ మాట లేదు. వెనక పేజీలో వాళ్ళ ఆఫీసు అడ్రసు, ఫిర్యాదుల నంబరు, ఇంకేదో ముద్ర, అంతే. శిక్షకుడు లేడు, పక్క సీటు లేదు. నేనే కల్పించాను. పక్కన మనిషి ఉండాలంటే ఆగిపోతావనుకున్నాను. నువ్వు ఆగిపోతావనే అనుకున్నాను చిన్నోడా, ఇలా…

నమ్మవా?

ఇప్పుడు ఆపడానికి అబద్ధం చెప్తున్నానా? ఒరేయ్, అప్పుడు చెప్పింది అబద్ధంరా, ఇప్పుడు చెప్పేది నిజం. నాకు ‘వర్తించును’, ‘వహించదు’ అనే మాటలు ఎక్కడివి అంటావా… ప్రతి రసీదు వెనకా ఉంటాయి. జీవితమంతా వాటినే చూస్తున్నాను, వచ్చేశాయి…

అయ్యా, వ్యానాయనా, మీ ఫోన్ తీయండి. ట్రాక్ ఆఫీసుకి చేయండి. నంబరు ఆ గోడ మీద, క్యాలెండర్ పక్కన, పెన్సిల్‌తో రాసుంది. రెండోది. పదిహేడో నంబరు కారుని ట్రాక్ మీదికి వదలొద్దని చెప్పండి. పదిహేడు. లేవండి, తొందరగా…

ఆ, ఉన్నాను, ఉన్నాను. చెప్పు… నాలుగో మలుపా. మెల్లగానే. నీ వైపు తగిలేలా చూస్తావా.

గోడకి నీ వైపూ ఆయన వైపూ అని ఉండదురా. తగిలాక బండి తిరుగుతుంది. ఎటు తిరుగుతుందో పదకొండేళ్ళు చూశాను, ఒక్కసారి కూడా ముందే చెప్పలేకపోయాను. ఆయనకి అరవై దాటాయి. ఆ ఎముకలకి ఎంత కావాలి? నిన్ను నమ్మి కూర్చున్నాడు. నువ్వు పిలిస్తే వచ్చి కూర్చున్నాడు.

ఫోన్ ఆయనకివ్వు. ఒక్క ముక్క మాట్లాడతాను… పోనీ స్పీకర్లో పెట్టు… మాస్టారూ, మాస్టారూ, వినపడుతోందా, దిగిపోండి, మాస్టారూ…

ఎత్తట్లేదా అయ్యా? భోజనాల టైము, ఎవడూ ఉండి చావడు. మళ్ళీ చేయండి. చేస్తూనే ఉండండి.

చిన్నోడా, నేను కడతాను. ఐదు నెలలూ నేనే కడతాను. షెడ్డే రాసిచ్చేస్తాను. వినపడిందా, షెడ్డు. ఇక్కడికి రా, వచ్చి తాళం తీసుకో…

ముందే చెప్పాల్సిందా.

అవును. ముందే చెప్పాల్సింది. లిఫ్టు అన్నాను, షెడ్డు అనలేదు. నా లెక్కా నేను చూసుకున్నాను. తప్పే, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడంటున్నానుగా…

ఎవరు? జెండా ఊపే ఆయనా? ఫోన్ లోపల పెట్టమంటున్నాడా. ఆయనకి చెప్పు, కడుపులో బాగాలేదని చెప్పు, ఏదో ఒకటి చెప్పు, చెయ్యెత్తు, వదిలేస్తారు. ఏమీ అనరు. రోజూ ఎవరో ఒకరు అలా దిగిపోతూనే ఉంటారు…

సరే. సరే, పెట్టేయ్. ఒక్కటి చెప్పి పెట్టేయ్. ఆయన బెల్టు… రెండు భుజాల మీదుగా వేసేదా, మామూలుదా?

చెప్పరా. చూసి చెప్పు. పక్కనేగా ఉన్నాడు…

హలో.

చిన్నోడా…

అయ్యా, అక్కడ ఎవరైనా ఎత్తారా?